సంఘపు లెక్కలకు రాత్రి నకలు: టేపు వట్టిపోయిన విధము

విత్తనపు వడ్లను తిండిగింజలతో కలిపి యొక్క గాదెలో పోసికొను రైతు మన డెల్టాలో లేడు. విత్తనమును వేరుగా పురికట్టి, ఎలుక చొరని చోటను, చెమ్మ తగులని చోటను దాచుకొనును. తిండిగింజలకు ఏ ముప్పు వచ్చినను సార్వాకు విత్తనము మిగిలియుండవలెనని ఆతని యాలోచన. సహకార సంఘపు లెక్కలకు గూడ నిట్టి వేరు పురి యొకటి యవసరము. అది యున్నదని నమ్మియుండి, అక్కర పడిన నాడు విప్పి చూడగా అందు ఊక మాత్రమే మిగిలిన నేమగునో మా ప్రాంతపు సంఘమొకదానిలో నేను స్వయముగా చూచితిని. ఆ సంఘము పేరుతో మనకు పనిలేదు. అక్కడి గుమాస్తా గాని కార్యదర్శి గాని సోమరులు కారు. అందుచేతనే యీ సంగతి చెప్పదగినదని తలచితిని.

లెక్కలు ఇప్పు డెక్కడ నుండునో సభ్యులు ముందుగా తెలిసికొనవలెను. భారత ప్రభుత్వమువారు 2022 జూను 29న ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులోనికి ఎక్కించు పథకమును అంగీకరించిరి. 63,000 సంఘములకు, అయిదేండ్లలో, 2,516 కోట్ల రూపాయలని నాటి యంచనా. ఆ పథకములో చేరిన సంఘముల లెక్కలు గ్రామపు కచేరీలోనే గాక దూరమందలి పెద్ద యంత్రములలో నిలువ యుండును. అయినను పాత సంవత్సరముల ఖాతాలు, ఎరువుల గిడ్డంగి చిట్టా, సభ్యుల పట్టా కాగితముల ఛాయాప్రతులు మొదలగువానిని తమ కచేరీలోని సర్వరులోనే యుంచుకొను సంఘములు కొన్ని కలవు. నేను చెప్పునది అట్టి సంఘమే. సర్వరనగా పగలంతయు గుమాస్తాల బల్లలమీది చిన్న కంప్యూటర్లకు లెక్కలు అందించుచు, తాను మూలగదిలో నుండు పెద్ద కంప్యూటరు.

ఆ సర్వరులోని లెక్కలకు ప్రతి రాత్రియు పదిన్నర గంటలకు టేపుమీద నకలు తీయబడుచుండెను. టేపనగానే పాతకాలపు పాటల పెట్టె గుర్తు వచ్చి కొందరు నవ్వుదురు. నవ్వవలసిన పనిలేదు. అరంగుళము వెడల్పు గల యీ టేపు చేతిలో నిమిడెడి పెట్టెలో చుట్టబడి యుండును. ఎల్‌టీవో అయిదవ తరము టేపొక్కటి లక్షన్నర కోట్ల అక్షరములను పట్టును. మన సంఘముల లెక్కలన్నియు అందొక మూలకు చాలవు. దాని ముఖ్య గుణము వేరొకటి. యంత్రమునుండి తీసి బీరువాలో పెట్టిన టేపును, యంత్రములో దూరిన ఏ దొంగయు తాకలేడు. 2017 మే మాసమున వన్నాక్రై యను దుష్టపు ప్రోగ్రాము లోకమంతట కంప్యూటర్లలోని దస్తరములకు తాళములు వేసి సొమ్మడిగినది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని గూడ నాడు దాని వాత పడినవి. 2024 జూలై నెలాఖరున సహకార బ్యాంకులకును గ్రామీణ బ్యాంకులకును కంప్యూటరు సేవచేయు సంస్థ యొకదానిపై నిట్టి దాడియే జరుగగా, దాదాపు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులను తాత్కాలికముగా నిలుపవలసి వచ్చెను. ఇక 2011 ఫిబ్రవరిలో గూగుల్ వారి జీమెయిలులో ప్రోగ్రాము తప్పువలన కొందరి ఉత్తరములు మాయమైనప్పుడు, ఇతర నకళ్లలో గూడ నవి చెడిపోగా, ఆ సంస్థవారు టేపులనుండియే మఱల తీసి యిచ్చిరి. అంతటివారికే టేపు శరణ్యమైనది.

మన సంఘమున సోమవారము మొదలు శనివారము వఱకు ఆరు టేపులు. శనివారపు టేపును గుమాస్తా సంచిలో పెట్టుకొని పోయి, నీరెక్కని మెరకన నున్న బ్యాంకు శాఖ బీరువాలో నుంచి, పాతదానిని తెచ్చుచుండెను. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరమువద్ద గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించినది. నాటి సంగతులు ఎరిగిన పెద్దలు పాలకవర్గములో నుండుటచేత, పుస్తకము గాని టేపు గాని ఒక్క కప్పు క్రిందనే యుండరాదని వారు పట్టుబట్టి యీ యేర్పాటు చేసిరి. ఆ పట్టుదలయే చివరకు సంఘమును కాపాడినది.

ఇక మార్పు సంగతి. సర్వరును నడుపు మూల ప్రోగ్రామునకు ఆపరేటింగు సిస్టమని పేరు. ఇంజనులో నూనె యెట్లో యంత్రమున కది యట్లని చెప్పుదురు గాని, నా మట్టుకు కాలువ లస్కరుతో పోల్చుట మేలనిపించును. ఏ తూము ఎప్పుడెత్తవలెనో, ఎవరికి నీరీయవలెనో ఆతని చేతిలోనిదే గదా. ఈ సంఘమున సెంట్‌ఓఎస్ ఏడవ కూర్పు నడుచుచుండెను. 2024 జూను 30తో ఆ కూర్పునకు మరమ్మతులు నిలిచిపోయినవి. మరమ్మతు లేని సిస్టము గట్టు తెగిన చేను వంటిది గనుక, క్రొత్త సిస్టమునకు మార్చుట తప్పనిసరి యయ్యెను. సార్వా నాట్లు ముగియుచున్న దినములలో ఒక కుఱ్ఱవాడు వచ్చి, రెండు రాత్రులు కూర్చుండి, మార్పు చేసి, లెక్కలు తెఱచి చూపి, అంతయు సరిగా నున్నదని చెప్పి పోయెను. పగటిపని నిజముగా సరిగానే యుండెను.

రాత్రిపనికి స్క్రిప్టు అను ఆజ్ఞాపత్రమొకటి కలదు. ఏ పని తరువాత ఏ పని చేయవలెనో వరుసగా వ్రాసిపెట్టిన కాగితమువంటి దది. మొదట టేపును వెనుకకు చుట్టించును. తరువాత ఖాతాలను మూటకట్టి టేపుమీద వ్రాయును. దాని వెంబడి పట్టాల ఛాయాప్రతులను వ్రాయును. టేపును బయటికి నెట్టును. జరిగినదంతయు కార్యదర్శిగారికి ఉత్తరము పంపును. మార్పునకు ముందు ఎనిమిదేండ్లుగా ఆ పత్రమును ఎవరును తాకలేదు. పనిచేయుచున్నదానిని తాకరాదను సామెతవంటి మాట కంప్యూటరువారిలో గూడ నున్నది. కాని స్క్రిప్టు మారకున్నను, దాని చుట్టునున్న లోకము మారిపోయినది.

మార్పు జరిగిన మఱునాటి యుదయమున టేపు బయటికి రాలేదు. గుమాస్తా మీట నొక్కి చేతితో తీసి, రెండవది పెట్టెను. ఉత్తరము గూడ రాలేదు. తప్పు జరిగినయెడల ఉత్తరము వచ్చి యుండెడిది గదా, రాలేదు గనుక క్షేమమేనని ఆయన యనుకొనెను. ఈ యొక్క యాలోచనలోనే ముప్పంతయు నున్నది. వారము గడచిన తరువాత ఆ కుఱ్ఱవానికి ఫోను చేసి, టేపు బయటికి వచ్చుట లేదని చెప్పగా, అతడు దూరమునుండియే స్క్రిప్టులో ఒక మాట దిద్ది, “ఇంక భయములేదండీ, టేపు తనంతట తానే వెనుకకు చుట్టుకొనును” అనెను. ఆ దిద్దుబాటు ఎట్టిదో ముందు చెప్పెదను.

మార్పు జరిగిన నలువదియొకటవ రాత్రి పిడుగులతో వాన పడెను. ఉదయమునకు లెక్కలు గల డిస్కు మాడిపోయినది. ఆపరేటింగు సిస్టము గల డిస్కు మాత్రము చెక్కుచెదరలేదు. నేను విత్తనపు జాబితా పని మీద ఆ దినమున అక్కడికి పోయితిని. కచేరీ వసారాలో నలుగురు రైతులు కూర్చుండి యుండిరి. వారిలో నొక కౌలురైతు పంటరుణపు బాకీ గడువునకు రెండు దినములు ముందు చెల్లించినవాడు. ఆతని రసీదు వానలో నాని ముద్దయైనది. 3 లక్షల రూపాయల వఱకు పంటరుణమును గడువులోపల తీర్చినవారికి వడ్డీలో నూటికి 3 రూపాయల అదనపు రాయితీ కలదని మీరెరుగుదురు. గడువు తేదీకి ముందు కట్టినట్లు లెక్కలో లేకున్న ఆ రాయితీ పోవును. “నేను కట్టిన మాట నిజమేనండీ, మీ చేతికే యిచ్చితిని గదండీ గుమాస్తా గారూ” అని యతడు మెల్లగా ననుచుండెను. గుమాస్తా తలయెత్తలేదు.

క్రొత్త డిస్కు తెచ్చి, నిన్నటి టేపు పెట్టిరి. టేపులో పట్టాల ఛాయాప్రతులు చక్కగా నున్నవి. ఖాతాలు లేవు. మొన్నటి టేపు పెట్టిరి, అదియు నట్లే. ఆరు టేపులును అట్లే. అప్పుడు కార్యదర్శి గారు కాకినాడనుండి మఱియొక యనుభవశాలిని పిలిపించిరి. ఆతడు రెండు దినములు చేసిన పరిశీలనమును నేను ప్రక్కన కూర్చుండి చూచి, అర్థము కాని చోట్ల అడిగి తెలిసికొంటిని. పైరుకు తెగులు వచ్చినప్పుడు మేము పొలములో చేయునట్లే ఆయనయు చేసెను. మందు కొట్టుటకు ముందు ఆకు త్రిప్పి చూచెను.

ఆయన మొట్టమొదట చూచినది యంత్రము టేపు పెట్టెను గుర్తించినదా యని. కొన్ని చోట్ల ఇక్కడనే పని చెడును. రెడ్‌హ్యాట్ వంశపు సిస్టములలో ఎనిమిదవ కూర్పునుండి కొన్ని పాత స్కజీ కార్డులకు కావలసిన డ్రైవరులను తీసివేసిరి. కార్డు కనబడకున్న టేపు పెట్టెయు కనబడదు, ఎంత స్క్రిప్టు దిద్దినను ఫలము లేదు. ఇక్కడ నది కనబడినది. తరువాత స్క్రిప్టును గడియారమునకు వదలక, తానే యొక్కొక్క వరుసను చేతితో నడిపి చూచెను. మొదటి వరుసలోనే తప్పు దొరికినది. టేపును వెనుకకు చుట్టుటకును బయటికి నెట్టుటకును ఎంటీ యను పనిముట్టు కావలెను. పాత సిస్టములో నది యుండెను. క్రొత్త సిస్టమును క్లుప్తముగా నెక్కించుటచేత నది రాలేదు. “అట్టి యాజ్ఞ లేదు” అని యంత్రము ప్రతి రాత్రియు మొఱపెట్టుచునే యున్నది. ఆ మొఱ ఎవరికి వినబడును? ఉత్తరములు మోయు ప్రోగ్రాము గూడ క్రొత్త సిస్టములో ఎక్కింపబడలేదు. టపాబంట్రోతు లేని యూరిలో చెడువార్త యెట్లు వచ్చును?

ఇక ఆ దిద్దుబాటు. లైనక్సు సిస్టములో ఒకే టేపు పెట్టెకు రెండు పేర్లు. ఎస్‌టీ0 అని పిలిచిన, వ్రాత ముగియగానే టేపు మొదటికి చుట్టుకొనును. ఎన్‌ఎస్‌టీ0 అని పిలిచిన, వ్రాసిన చోటనే నిలుచును. స్క్రిప్టు ముందు ఖాతాలను, వెంబడి ఛాయాప్రతులను వ్రాయునది గనుక, పూర్వము ఎన్‌ఎస్‌టీ0 అని యుండెను. చుట్టు పనిముట్టు లేదని తెలిసిన కుఱ్ఱవాడు, తానే చుట్టుకొను పేరు మేలని, “ఎన్” అను నక్షరమును తీసివేసెను. దానితో ఖాతాలు వ్రాసిన వెంటనే టేపు మొదటికి పోయెను. ఛాయాప్రతులు ఖాతాల నెత్తిమీదనే వ్రాయబడెను. నారుమడిలో చల్లిన విత్తులమీద మఱల దున్నినట్లయ్యెను. ఇందు యంత్రము తప్పేమియు చెప్పదు, ఏలయన దాని లెక్కలో రెండు పనులును జయప్రదముగనే ముగిసినవి. దిద్దిన బిడ్డ తెలివితక్కువవాడు కాడు. రోగలక్షణమును పోగొట్టెను, అంతే.

కార్యదర్శి గారు నిట్టూర్చి, “ఆ యక్షరమొక్కటి యున్న మనకీ కష్టము లేకపోవును గదా బాబూ” అనిరి. ఆయన వెంటనే ఒప్పుకొనలేదు. సిస్టము డిస్కులో ఖాతాల మూటను కట్టు తావును తెఱచి చూపెను. మూట యున్నది, తేదీయు నిన్నటిదే. బరువు మాత్రము 20 బైట్లు! అనగా వట్టి సంచి మూతి కట్టిన దారము. క్రొత్త సిస్టముతో ఖాతాలు నిలువచేయు ప్రోగ్రాము గూడ క్రొత్తదై, స్క్రిప్టులోని పాత రహస్యపదముతో వచ్చినవానికి తలుపు తీయలేదు. ఖాతాలు బయటికి రాలేదు. కాని మూటకట్టు ప్రోగ్రాము వేఱు. తనకు వచ్చినదానిని కట్టుటయే దాని పని. ఏమియు రాకున్నను వట్టి మూట కట్టి, పని ముగిసినదని చెప్పును. రెండు ఆజ్ఞలను గొట్టముతో కలిపినట్లు వ్రాసినప్పుడు షెల్లు చివరి యాజ్ఞ జవాబునే జవాబుగా గొనును. మొదటిదాని ఓటమిని గూడ ఓటమిగా నెంచుటకు “పైప్‌ఫెయిల్” అను నియమమును స్క్రిప్టు తలలో వేయవలెను. కావున ఆ “ఎన్” అక్షరము చెడకున్నను టేపులో ఖాతాలు లేకయే పోవును. ఒక తెగులును మాన్పి సంతోషించువారు రెండవదానిని చూడరని నేను పొలములలో ఎన్నియో మార్లు చూచితిని. దోమపోటును అణచి, కాండముతొలుచు పురుగును మరచుట వంటిదే యిది.

ఇది మన యూరివారికే వచ్చిన యాపద కాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అను సంస్థలో ఒకరు పొరపాటున ముఖ్యమైన ఖాతాల నిలువను తుడిచివేసిరి. నకళ్లను చూడగా, ఖాతాల ప్రోగ్రాము 9.6 కూర్పునకు మారియున్నను నకలు తీయు పనిముట్టు 9.2 కూర్పుదే యగుటచేత ప్రతి దినమును విఫలమగుచుండెనట. ఆ వైఫల్యమును తెలుపు ఉత్తరములను గూడ ఉత్తరాల సర్వరు త్రోసివేయుచుండెను. దాదాపు ఆరు గంటల పని వారికి శాశ్వతముగా పోయినది. విండోస్ వాడువారికిని ఇట్టిదే: విండోస్ సర్వర్ 2003లో ఎన్‌టీబ్యాకప్ అను పనిముట్టు టేపుమీద వ్రాయుచుండెను, 2008 కూర్పులో వచ్చిన క్రొత్త పనిముట్టునకు టేపన్న తెలియనే తెలియదు. 2003 కూర్పునకు 2015 జూలై 14తో మరమ్మతులు నిలువగా మారినవారు, పాత స్క్రిప్టులను కట్టిపెట్టి వేఱు ప్రోగ్రామును కొనవలసివచ్చెను.

మన సంఘమునకు మిగిలిన దిక్కు, బ్యాంకు శాఖ బీరువాలోని టేపు. మార్పునకు ముందు శనివారపు టేపొకటి, ఆ వారముల తొందరలో మార్చుట మరచి, అక్కడనే యుండిపోయినది. మరపు మేలుచేసిన తావు లరుదు. దానిని తెచ్చి పెట్టగా యంత్రము “జ్ఞాపకస్థానము చాలదు” అనెను. టేపు చెడినదని గుమాస్తా నెత్తి కొట్టుకొనెను. చెడలేదు. పాత స్క్రిప్టు పెద్ద దిమ్మెలుగా వ్రాసినది. చదువునప్పుడు టార్ ప్రోగ్రాము తన వాడుక ప్రకారము 10,240 బైట్ల చిన్న గిన్నె పట్టినది. దిమ్మె గిన్నెలో పట్టలేదు. వ్రాసిన కొలతయే చదువుటకును చెప్పగా, మూడవ గంటకు ఖాతాలు డిస్కుమీదికి వచ్చెను. ఇట్టి “చెడిన” టేపులను తొందరపడి పారవేయువారు కలరు. వారికి ఈ మాట పనికి వచ్చును.

తరువాతి నలువదియొక్క దినముల లెక్కలను రసీదు పుస్తకముల రెండవ ప్రతులనుండి చేతితో ఎక్కించిరి. ఇద్దరు గుమాస్తాలు పదునాలుగు దినములు ప్రొద్దుపోవువఱకు పనిచేసిరి. కౌలురైతు రసీదు రెండవ ప్రతి, కార్బను మరక పట్టి, తేదీతో సహా దొరికెను. ఆతని రాయితీ నిలిచినది. ఒక వృద్ధురాలి చిన్న డిపాజిట్ సంగతి మాత్రము తేలుటకు పాలకవర్గము మూడు మార్లు కూడవలసివచ్చెను.

విత్తనమునకు మనము మొలక పరీక్ష చేయుదుము. నూరు గింజలు లెక్కించి, తడిగుడ్డలో చుట్టి, ఎన్ని మొలిచినవో చూతుము; ధ్రువీకరించిన వరి విత్తనమునకు నూటికి 80 మొలకలైన రావలెను. గింజ నిగనిగలాడినంత మాత్రమున విత్తనమని ఎవరును ఒప్పుకొనరు. టేపు విషయములో అందరును ఒప్పుకొనుచున్నాము! పెట్టెలోనికి పోయినది, పెట్టెనుండి వచ్చినది, కావున నకలున్నదని నమ్ముచున్నాము. ఇప్పుడా సంఘమున కొన్ని పద్ధతులు మారినవి. స్క్రిప్టు ముగిసిన పిమ్మట టేపును మఱల చదివి, అందలి పట్టికను కాగితముమీద అచ్చు వేయును. ఖాతాల మూట నిన్నటికంటె సగమునకు తగ్గియుండిన పని ఆపి కేక వేయును. జయమైనను అపజయమైనను ఉదయము ఏడు గంటలకు వార్త రావలెను; వార్త రాకుండుటయే అపజయమని గుమాస్తా గోడమీద వ్రాసికొనెను. సిస్టమును మార్చిన రాత్రియే, మార్చినవారు ఊరు విడువకముందే, టేపునుండి ఖాతాలను వేఱొక కంప్యూటరులోనికి తీసి, రోజుకట్టు నిలువను సరిచూపవలెనని తీర్మానము చేసిరి.

నెలకొకమారు ఇట్టి పరీక్ష జరుగును. ఏ సభ్యుని ఖాతా చూడవలెనో గుమాస్తా గాక, అప్పుడు కచేరీలో నున్న రైతు చెప్పును. టేపునుండి వచ్చిన నిలువను ఆతని పాసుపుస్తకముతో సరిచూచి, ఇద్దరును పుస్తకములో సంతకము చేయుదురు. మొదటి సంతకము ఆ కౌలురైతుదే. పరీక్ష ప్రతి నెల రెండవ శనివారమున ఉదయము పది గంటలకు జరుగును. ఇతర సంఘముల కార్యదర్శులు చూడగోరినయెడల వచ్చి కూర్చుండవచ్చునని ఆ పాలకవర్గమువారు నాతో చెప్పియున్నారు.